మరో ఉత్తరువు వచ్చేవరకు

హోసూరు,
20-10-2008, సోమవారం.

కృష్ణగిరి జిల్లా కలెక్టరు గారి సముఖమునకు,

హోసూరు తాలూకా ఆఫీసు ఎదుట జెరాక్సు అంగడి పెట్టుకొని, పదిమందికి అర్జీలు రాసిపెట్టి జీవించే లోకనాథ్, తండ్రి పేరు తలారి పాపన్న, వయసు 47, తన సొంతానికి రాసుకొన్న అర్జీ.

అయ్యా,

విషయం: క్రీ.శ. 1858 నవంబరు 1వ తేదీన మా వంశానికి ఇచ్చిన దండోరా ఉత్తరువును రద్దుచేసి, మా నాయనను ఇంట్లో కూర్చోబెట్టమని కోరుట గురించి.

తమరికి తెలుగు చదవడం వచ్చునని తమ ఆఫీసు బంట్రోతు చెప్పినందున తెలుగులో రాస్తున్నాను. తమిళ నకలు జతపరిచాను. ఇరవై రెండేళ్లుగా పట్టా కోసం, రేషను కార్డు కోసం, ఏనుగు తొక్కిన రాగిచేను కోసం ఇతరుల అర్జీలు రాశాను. వచ్చినవాళ్లందరికీ "ఊరి పురాణం వద్దు, సంగతి మాత్రం చెప్పండి" అని చెప్పేవాణ్ణి. ఈ అర్జీలో మాత్రం ఊరి పురాణమే సంగతి. తమరు క్షమించాలి.

1. 1857లో ఉత్తరాదిన సిపాయిలు తిరగబడిన సంగతి తమరు చదువుకొనే ఉంటారు. మా వైపు ఎవరూ తిరగబడలేదు. ఆ ఏడు రాగులు బాగా పండాయని మాత్రం మా ఇంట్లో చెప్పుకొంటారు. అయినా అక్కడి గొడవ వల్ల ఇక్కడ ఒకడికి పని తగిలింది. అతను మా నాయనకు ముత్తాత, తలారి మాదప్ప. గొడవ అణిగాక దేశాన్ని కుంపిణీ చేతిలోంచి తీసి రాణిగారి చేతిలో పెట్టారు. ఆ సంగతి ఊరూరా చాటాలని హోసూరు కచ్చేరికి కాగితం వచ్చింది. దొరగారు పై మెట్టు మీద నిలబడి దాన్ని చదివారు. శిరస్తాదారు తెలుగు చేసి చెప్పాడు. మాదప్ప మూడు మెట్ల కింద, నేల మీద నిలబడి విన్నాడు. అతను ఆ మెట్లు ఎక్కకూడని మనిషి. ఆ కచ్చేరి ఇప్పుడు పాత సామాన్లు పడేసే కొట్టుగా ఉంది, మెట్లు మాత్రం అలాగే ఉన్నాయి.

అంతా విన్నాక మాదప్ప ఒక ప్రశ్న అడిగాడని మా ఇంట్లో నాలుగు తరాలుగా చెప్పుకొంటున్నాం.

"అట్లయితే దొరా, ఇంగ మీదట దండం ఎవురికి పెట్టల్ల?"

"నాకే" అన్నారట దొరగారు.

మాదప్ప దండం పెట్టి బయలుదేరాడు. కుంపిణీకీ రాణిగారికీ తేడా ఏమిటని తరువాత ఎవరు అడిగినా, "కుర్చీ అదే, దొర అదే, గోడ మీద పటం మారింది" అనేవాడట. చరిత్ర పుస్తకాల్లో దీన్ని చాలా పేజీలలో రాశారు.

2. చిక్కంతా ఆ ఉత్తరువు చివరి వాక్యంలో ఉంది. "పై సంగతిని అయిదు ఊళ్లలోనూ మరో ఉత్తరువు వచ్చేవరకు చాటుతూ ఉండవలెను" అని ఉంది. అర్జీలు రాసేవాణ్ణి కనుక ఆ మాట బరువెంతో నాకు తెలుసు. కాగితం అడుగున ఖాళీ కనిపిస్తే గుమాస్తాలు రాసే మాట అది. మాదప్పకు ఆ సంగతి తెలియదు. మొదటి సంవత్సరం వారం వారం సంతరోజున చాటాడు. జనం విసుగెత్తి పంచాయితీ పెట్టి, ఏడాదికి ఒకసారి అదే తేదీన చాటితే చాలని ఒప్పించారు. ఆ ఒప్పందం ఈనాటికీ నడుస్తోంది.

ఆ తరువాత రాణిగారు చక్రవర్తిని అయ్యారు. మాకు ఉత్తరువు రాలేదు. ఆమె కాలం చేశారు. రాలేదు. ఆమె తరువాత నలుగురు రాజులు కుర్చీ ఎక్కారు, దిగారు. మాకెవరూ చెప్పలేదు. అందుచేత మా అయిదు ఊళ్ల వరకు రాణిగారు ఇప్పటికీ క్షేమంగా ఉన్నారు.

3. మా నాయన పాపన్న వయసు 84. తాత పోయాక 1943లో తప్పెట భుజాన వేసుకొన్నాడు. పోయిన సంవత్సరం వరకు అరవై అయిదు సార్లు చాటాడు. చాటే మాటలు ఇవి:

"వినండప్పా, వినండమ్మా. ఈ పొద్దు మొదులుకొని కుంపిణీ దొరతనం లేదు. తెల్లదొరల సీమలో ఉండే రాణెమ్మ మనకి దొరసాని. మీ దేవుని జోలికి రాము అని రాణెమ్మ చెప్పినాది. మీ భూమి మీదే అని చెప్పినాది. రాజులకి ఇచ్చిన మాట తప్పము అని చెప్పినాది. యా కులంలో పుట్టినా సరే, తెలివి ఉండేవానికి సర్కారు పని ఇస్తాము అని చెప్పినాది. ఇంగ ఇండ్లకి పోయి బువ్వ తినండి."

చివరి వాక్యం రాణిగారిది కాదు, మాదప్పది.

తిరగబడినవారిని క్షమిస్తామని కూడా ఆ కాగితంలో ఒక పేరా ఉండేది. దాన్ని చెదలు తిన్నాయి. మా తాత కాలం నుంచి ఆ పేరా చాటడం లేదు. కాబట్టి మా అయిదు ఊళ్లలో సిపాయిలకు ఇంకా క్షమాభిక్ష అందలేదని తమ దృష్టికి తెస్తున్నాను.

మిగతా హామీల సంగతి. దేవుడి జోలికి రాలేదు, అది నిజమే. సిపాయిల గొడవలో ఒకసారి చెయ్యి కాలింది కనుక గుడి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయారు. భూమిని మాత్రం కొలిచారు, మళ్లీ కొలిచారు. డెంకణికోట వైపు అడవికి హద్దురాళ్లు నాటి, ఇది సర్కారు అడవి అన్నారు. ఒక్క పూటలో మా మేకలు దొంగలయ్యాయి. తరువాత తలలు లెక్కబెట్టి, ఏ కులం వాళ్లు ఎంతమంది ఉన్నారో పుస్తకంలో ఎక్కించారు. పటాలంలో మనవాళ్లను తగ్గించి తెల్లవాళ్లను పెంచారు. తుపాకికి లైసెన్సు పెట్టారు. ఇవేవీ చాటమని మాకు చెప్పలేదు. మంచి మాటలు తప్పెటతో చెప్పించి, తక్కినవి చప్పుడు లేకుండా చేసుకొన్నారు. ఈ అలవాటు రాణిగారితోనే పోయిందని కొందరు అంటారు. నా అంగడి తాలూకా ఆఫీసు ఎదురుగా ఉన్నందున నేను ఏమీ అనను.

ఇక సర్కారు పని సంగతి. ఏ కులంలో పుట్టినా పని ఇస్తామన్న మాటను మెట్ల కింద నిలబెట్టి మరీ మాదప్పకు చెప్పారు. ఆ మాట చాటిన నాలుగు తరాలవాళ్లూ తలారులుగానే ఉండిపోయారు. నేను పదో తరగతి చదివి తాలూకా ఆఫీసు దాకా వచ్చాను. గేటుకు ఇవతల.

4. అయిదు ఊళ్ల ప్రస్తుత పరిస్థితి ఈ విధంగా ఉన్నది.

మొదటి ఊరు కెలవరపల్లి డ్యాము నీళ్లలో ఉంది. మా నాయన గట్టు మీద నిలబడి నీళ్లకు చాటుతాడు. చేపలకు రాణిగారి సంగతి తెలిసినందువల్ల ప్రభుత్వానికి నష్టం లేదని నా అభిప్రాయం.

రెండవ ఊరు ఉన్న జాగాలో ఫ్యాక్టరీ ఉంది. గేటు దగ్గర రిజిస్టరులో మా నాయన తరఫున నేనే రాయవలసి వచ్చింది. 'వచ్చిన పని' అన్నచోట 'రాజ్యం మారినట్టు తెలియజేయుట' అని రాశాను. 'ఎవరిని కలవాలి' అన్నచోట 'అందరినీ' అని రాశాను. సెక్యూరిటీ అతను మంచివాడు. మా నాయన మెడలో విజిటరు బిళ్ల వేసి, పది నిమిషాలు టైమిచ్చాడు.

మూడవ ఊరు ఇప్పుడు ఇళ్ల లేఔటు. ఆంధ్రా నుంచి వచ్చి ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు ఉంటారు. పోయిన ఏడు తప్పెట చప్పుడు వినగానే నందిత అనే అమ్మాయి రెండు బిందెలు పట్టుకొని బయటికి పరుగెత్తుకొని వచ్చింది.

"తాతగారూ, నీళ్ల ట్యాంకరు ఎన్నింటికి వస్తుందండీ?"

"రాణెమ్మ నీళ్ల సంగతి ఏమీ చెప్పలేదు తల్లీ" అన్నాడు మా నాయన, నిజంగా బాధపడుతూ.

నాలుగవ ఊరు ఊరుగానే ఉంది. అక్కడివాళ్లకు ఆ మాటలు నోటికి వచ్చు. మా నాయన ఊపిరి తీసుకొనేలోగా తరువాతి మాట వాళ్లే అందిస్తారు.

అయిదవ ఊరు డెంకణికోట దోవలో, అడవి అంచున ఉంది. ఈ మొత్తం వ్యవహారంలో లాభపడినవారు అక్కడి రైతులే. వెంకటరామప్ప అనే రైతు ప్రతి ఏడూ మా నాయనకు రాగిముద్ద పెట్టి ఇదే మాట చెబుతాడు.

"పాపన్నా, రాణెమ్మ సంగతి నాకేల? నీ తప్పెట మోగినాదంటే నాలుగు దినాలు ఏనుగులు ఈ పక్కకి రావు. ఏడాదికి ఒగసారి ఏందప్పా, వారానికి ఒగసారి రారాదా?"

5. పోయిన సంవత్సరం నవంబరు 1న రెండు సంఘటనలు జరిగాయి.

మొదటిది. ఒక సబ్‌ఇన్‌స్పెక్టరు గారు మా నాయనను ఆపి స్టేషనుకు తీసుకొనిపోయారు. వేరే దేశపు రాణి పాలన వచ్చిందని మన దేశంలో చాటడం ఏ సెక్షను కిందికి వస్తుందో ఆయన పుస్తకంలో దొరకలేదు. టీ ఇప్పించి, ఇంటికి పొమ్మని బస్సు ఎక్కించారు. మా నాయన తరువాతి స్టాపులో దిగి, వెనక్కు నడిచిపోయి, ఆపిన చోటి నుంచే మళ్లీ మొదలుపెట్టాడు.

రెండవది. బెంగుళూరు రోడ్డును వెడల్పు చేసి నడుమ గోడ కట్టారు. తప్పెటతో ఆ గోడ ఎక్కబోయి మా నాయన కిందపడ్డాడు. మోకాలు దెబ్బ మానింది గాని, ఆసుపత్రిలో చూసినప్పుడు గుండె బాగాలేదని తేలింది. డాక్టరు సుబ్రమణి గారు చీటీ మీద మూడు మాటలు రాశారు. ఎక్కువ దూరం నడవరాదు. మెట్లు ఎక్కరాదు. గట్టిగా అరవరాదు. అయ్యా, దండోరాలో ఈ మూడు తప్ప ఇంకేమీ ఉండదు.

వచ్చే నెల 1వ తేదీకి ఆ ఉత్తరువుకు నూట యాభై ఏళ్లు నిండుతాయి. ఆరోజు తప్పక పోతానని మా నాయన పట్టుపట్టి కూర్చొన్నాడు. ఈసారి పోతే తిరిగి రాడేమోనని నాకు భయంగా ఉంది. అన్నం సయించడం లేదు. ఈ అర్జీలో ఇదొక్కటే ముఖ్యమైన సంగతి. మిగతాదంతా తమరు తీరిక ఉంటే చదువుకోవచ్చు.

6. నేను చేయని ప్రయత్నం లేదు. ముందు నోటితో చెప్పి చూశాను.

"నాయనా, స్వతంత్రం వచ్చి అరవై ఏండ్లు దాటినాది. రాణీ లేదు, దొరలూ లేరు."

"నాకు తెలీదనుకొంటివా? నేను ఓటు వేయలేదా? తెలిసేది వేరే, ఉత్తరువు వేరే."

మా అమ్మ వరమ్మ కూడా చెప్పి చూసింది.

"నేను కాపురానికి వచ్చిన దినం నుంచీ ఆ రాణెమ్మ ఈ ఇంట్లోనే ఉండాది. ఒగ పూటన్నా ఒగ చెంబు కడిగింది లేదు."

దానికి మా నాయన నవ్వాడు.

తరువాత ఒక ఆఫీసుకు అర్జీ పెట్టాను. ఉత్తరువు ఇచ్చిన అధికారినే సంప్రదించవలెనని జవాబు వచ్చింది. ఆ దొరగారి గోరీ ఎక్కడ ఉందో వాకబు చేసి, పోయి, పూలు పెట్టి విన్నవించుకొన్నాను. వారు జవాబు ఇవ్వలేదు. రెండవ ఆఫీసువారు, ఉత్తరువు మీద ఫైలు నంబరు లేదు కనుక రద్దుచేయడానికి వీలులేదన్నారు. మూడవ ఆఫీసువారు మా వంశాన్ని అభినందించి, తప్పెటను ప్రదర్శనకు ఇవ్వగలరా అని అడిగారు.

ఇక దిక్కుతోచక నేను ఒక నేరం చేశాను. దాన్ని ఇందుమూలంగా ఒప్పుకొంటున్నాను. నా అంగడి కంప్యూటరులో ఒక ఉత్తరువు తయారుచేశాను. "తలారి పాపన్న ఇక చాటనక్కరలేదు" అని రాసి, కింద సింహాల ముద్ర అచ్చువేశాను. మా నాయనకు చదువు రాదు. కాగితం తీసుకొని ముద్ర మీద బొటనవేలు పెట్టి మెల్లగా తడిమాడు. మాదప్పకు ఇచ్చిన కాగితం మీద లక్కతో వేసిన ముద్ర ఉంది. నూట యాభై ఏళ్లు గడిచినా అది వేలికి గట్టిగా తగులుతుంది.

"ముద్ర చేతికి తగల్లేదే. యాడ చేసినావురా దీన్ని?"

నేను కాగితం వెనక్కు తీసుకొన్నాను.

"చించెయ్. నీ అంగడికి చెడ్డపేరు వస్తాది" అన్నాడు. కోపం కూడా పడలేదు. కోపపడి ఉంటే నాకు బాగుండేది.

కావున తమరు దయతలచి, అక్టోబరు 31వ తేదీలోగా, తలారి పాపన్న ఇక చాటనక్కరలేదని ఒక్క వాక్యం రాసి, దాని మీద లక్కముద్ర వేయించి ఇప్పించగలరు. లక్క నేనే తెచ్చి ఇచ్చుకొంటాను. ముసలి మనిషి ప్రాణం దక్కించిన పుణ్యం తమకు దక్కుతుందని, మేమంతా తమ పేరు చెప్పుకొంటామని చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు
లోకనాథ్
(మా నాయన ప్రస్తుతానికి ఇంకా రాణిగారి విధేయుడు.)

జతపరచినవి: తమిళ నకలు, 1858 నాటి కాగితం జెరాక్సు (చెదలు తిన్న భాగంతో సహా), ఆఫీసుల జవాబులు మూడు, డాక్టరు గారి చీటీ ఒకటి.

తా.క.: అయ్యా, ఈ ఉదయం కృష్ణగిరి బస్సు ఎక్కబోయే ముందు ఈ అర్జీని మా నాయనకు చదివి వినిపించాను. ఆయనకు తెలియకుండా ఆయన మీద కాగితం పెట్టడం తప్పనిపించింది. తప్పెటను ఎండలో పెట్టుకొని, చివరిదాకా విన్నాడు.

"బాగా రాసినావు. అయితే ఒగటుందిరా. తప్పెట కొట్టి చెప్పినేది కాయితంతో పోతుందా? తప్పెట కొట్టే తీసెయ్యల్ల. అయిదూళ్లూ తిరగల్ల."

ఉత్తరువును రద్దుచేయాలన్నా మళ్లీ అదే మనిషి అదే దోవలో నడవాలి. నేను తలపట్టుకొని కూర్చొన్నాను. ఊరికే అడిగాను.

"సరే, తీసేస్తే ఏమని చాటుతావు?"

ఆయన ఆలోచించలేదు. ఆ మాటలు ఎప్పటినుంచో సిద్ధంగా ఉన్నట్టున్నాయి.

"వినండప్పా, వినండమ్మా. ఈ పొద్దు మొదులుకొని రాణెమ్మ దొరతనం లేదు. యా దొరా లేడు. మనకి మనమే దొరలు. ఇంగ ఎవురికీ దండం పెట్టే పని లేదు. ఇండ్లకి పోయి బువ్వ తినండి."

"ఇది ఎప్పుడు కట్టినావు నాయనా?"

"నలబై ఏడులో."

అప్పుడు చెప్పాడు. నా వయసు 47. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నాకు చెప్పని సంగతి.

"ఆ దినం పొద్దున్నే లేచి తప్పెటని మంటకి కాచుకొని కచ్చేరి కాడికి పోయినాను. నాకప్పుడు ఇరవైమూడేండ్లు. జెండా ఎక్కించినారు. మిఠాయి పంచినారు, నాకూ ఒగటి ఇచ్చినారు. చాటమని ఎవురైనా పిలుస్తారేమో అని మెట్ల కింద ఆడే నిలబడినాను. పొద్దు మునిగేదాకా నిలబడినాను. కుంపిణీ పోయినాదని మా ముత్తాతని పిలిచి చెప్పినారు కదరా. దొరలే పోయినారని నన్ను పిలిచి ఎవురూ చెప్పలేదు. తప్పెట చల్లారిపోయినాది. ఇంటికి వచ్చేసినాను."

అయ్యా, మా నాయన రాణిగారి మీద భక్తితో తిరుగుతున్నాడని నేనూ, ఊరూ ఇన్నాళ్లూ నవ్వుకొన్నాం. ఒక్క పిలుపు కోసం అరవై ఒక్క ఏళ్లు కాచుకొని ఉన్నాడని ఈ ఉదయం తెలిసింది. నాకు సిగ్గువేసింది. పదిమంది అర్జీలు రాశాను గాని, మా ఇంట్లో ఉన్న అర్జీని చదవలేకపోయాను.

కనుక పైన రాసినదంతా కొట్టివేసి, ఈ కింది విధంగా చదువుకోగలరు. తలారి పాపన్నను పిలిపించి, మనకు స్వతంత్రం వచ్చిన సంగతి సర్కారు తరఫున ఆయనకు తెలియజేయగలరు. దాన్ని అయిదు ఊళ్లలో ఒక్కసారి చాటమని ఉత్తరువు ఇప్పించగలరు. ఒక జీపు ఇప్పిస్తే నడక తగ్గుతుంది. దండోరా బండెక్కి పోదని అంటాడు గాని, సర్కారు జీపు అంటే ఎక్కుతాడని నా నమ్మకం.

మొదటి చాటింపు పాత కచ్చేరి దగ్గర, దొరగారు నిలబడిన పై మెట్టు మీది నుంచి జరిగేటట్టు చూడగలరు. డాక్టరు గారి చీటీని దయచేసి ఫైలులోంచి తీసివేయగలరు. అవి మూడే మెట్లు. నేను పట్టుకొంటాను.